చిట్టెలుక చేసిన ఉపకారము

ఎలుక అనగానే మన ఇండ్లలో ముందుగా జ్ఞాపకము వచ్చునది బోను. బియ్యపు బస్తా కొరికినదనీ, పెట్టెలోని పట్టుచీర పాడుచేసినదనీ దానిని తిట్టని ఇల్లాలు ఉండదు. వినాయక చవితినాడు మాత్రము స్వామి పాదములవద్ద దానికి కూడ ఒక పువ్వు దక్కుచున్నది. ఆ ఎలుకజాతిలో చిన్నదైన చిట్టెలుక, నలుబది సంవత్సరములుగా, మనుష్యుని రక్తమునకు వచ్చు ఒక చెడ్డ జబ్బు గుట్టు విప్పుటలో వైద్యులకు తోడ్పడుచున్నది. ఆ సంగతి ఈ నెల పాఠకులకు చెప్పదలచినాము. మేము వైద్యులము కాము, ఆఫీసులో కాగితములు వ్రాసుకొనువారము. కనుక మాకు తెలిసిన రీతినే చెప్పెదము.

మన రక్తములోని తెల్లకణములలో బి కణములని ఒక తెగ కలదు. ఇవి ఎముకల మూలుగలో పుట్టును. ఒంటిలోనికి వ్యాధిక్రిమి వచ్చినప్పుడు దానికి సరిపడు ప్రతిరక్షకములను తయారుచేయుట వీని ఉద్యోగము. ఈ కణములే అదుపు తప్పి పెరిగినచో వచ్చు క్యాన్సర్లు అనేకము: చాలవరకు లింఫోమాలు, మైలోమా, కొన్ని లుకేమియాలు ఈ కోవలోనివే.

1958లో ఆఫ్రికాలోని ఉగాండాలో పనిచేయుచుండిన డెనిస్ బర్కిట్ అను సర్జను, చిన్నపిల్లల దవడలలో అతివేగముగా పెరుగు గడ్డలను గూర్చి వ్రాసినారు. అది బి కణముల క్యాన్సరని తరువాత తేలినది. ఆ గడ్డలోని కణములను పరిశీలింపగా చాలవానిలో 8వ క్రోమోజోము ముక్క ఒకటి తెగి, 14వ క్రోమోజోమునకు అతుకుకొని కనబడినది. ఆ ముక్కలో ‘మిక్’ అను జన్యువు ఉన్నదని 1982లో తెలిసినది.

దీనిని ఆఫీసు భాషలో చెప్పవచ్చును. ఒక ఫైలులోని కాగితము పొరపాటున మరియొక ఫైలులో కుట్టబడినది. ఆ రెండవ ఫైలు ప్రతిరక్షకములది. బి కణములో దానిమీద ఎప్పుడును ‘అర్జంటు’ చీటీ అంటించియే ఉండును. మిక్ జన్యువు పని, అవసరమైనప్పుడు కణమును ‘రెండుగా చీలుము’ అని ఆజ్ఞాపించుట. అర్జంటు ఫైలులో చేరినందున ఆ ఆజ్ఞ ఎడతెగక వెలువడుచున్నది.

అయితే గడ్డకు కారణము ఇదేనా, లేక ఇది గడ్డతో కూడ కనబడు చిహ్నము మాత్రమేనా? మనుష్యునిలో పెట్టి చూచుటకు వీలులేని ప్రశ్న ఇది. ఇక్కడనే చిట్టెలుక అక్కరకు వచ్చినది.

ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరమున వాల్టర్ అండ్ ఎలిజా హాల్ ఇన్‌స్టిట్యూట్ అను పరిశోధనాలయము కలదు. అక్కడి జెర్రీ ఆడమ్స్, సుజాన్ కోరీ మొదలగువారు, అమెరికాలోని రాల్ఫ్ బ్రిన్‌స్టర్ మొదలగువారితో కలిసి, మిక్ జన్యువునకు ఆ ‘అర్జంటు’ భాగమును జతచేసి, ఫలించిన ఎలుక అండములోనికి సన్నని గాజుసూదితో ఎక్కించినారు. ఆ అండమును పెంపుడుతల్లి ఎలుక గర్భములో ఉంచిన ఇరువది దినములకు పిల్లలు పుట్టును. జన్యువు నిలిచిన పిల్లల ఒంటిలోను, వాని సంతానములోను అది ఉండును. ఆ ఎలుకలలో చాలవాటికి కొలది నెలలలోనే బి కణముల లింఫోమా వచ్చినది. 1985లో ఈ ఫలితము ప్రకటితమైనది. మిక్ సాక్షి కాదు, ముద్దాయియే అని రుజువైనది.

కాని ఒక చిక్కు మిగిలినది. ప్రతి బి కణములోను ఆ జన్యువు ఉన్నను, పుట్టగానే గడ్డ రాలేదు. వచ్చినప్పుడు కూడ ఏదో ఒక కణమునుండియే మొదలైనది. అనగా ఒక్క తప్పు చాలదు, రెండవది కూడ జరుగవలెను.

మరియొక రకపు లింఫోమాలో 1984లో కనుగొన్న బి.సి.ఎల్.-2 అను జన్యువు ఆ రెండవ తప్పును చూపినది. 1988లో అదే మెల్బోర్న్ పరిశోధనాలయములో డేవిడ్ వాక్స్ మొదలగువారు తెలిసికొన్నది ఏమనగా, ఈ జన్యువు కణమును త్వరగా చీల్చదు, చావనీయదు. మాకు నిర్ణీత వయసు నిండగానే రిటైరుమెంటు ఆర్డరు వచ్చినట్లు, మన కణములకును కాలము తీరగానే పోవలసిన ఆజ్ఞ ఉన్నది. ఆ ఆర్డరును అందకుండ చేయునది బి.సి.ఎల్.-2. 1990లో రెండు జన్యువులును కలిగిన ఎలుకలను పుట్టించి చూడగా, జబ్బు మునుపటికంటె ఎంతో వేగముగా వచ్చినది. ఒకటి ఆగని పెరుగుదల, రెండవది తప్పించుకొన్న చావు: రెండును కూడినప్పుడు అనర్థము.

చావనీయనిది ఇదేయని తెలిసిన పిమ్మట, దానిని అడ్డగించు మందు వెదకినారు. వెనెటోక్లాక్స్ అను మాత్రను 2011లో మెల్బోర్న్‌లో మొదటిసారి రోగులకు ఇచ్చి పరీక్షించినారు. 2016లో అమెరికా ప్రభుత్వము, ముఖ్యముగా పెద్దవయసువారికి వచ్చు దీర్ఘకాలపు లింఫోసైట్ లుకేమియాలో ఒక కష్టమైన రకమునకు దానిని అనుమతించినది. 1988నుండి లెక్కించిన 28 సంవత్సరములు! ఈ పెద్దవయసు జబ్బును పరిశీలించుటకు 2002లో అమెరికాలో కార్లో క్రోచె బృందము వేరొక ఎలుకను తయారుచేసినది. దానికి కూడ జబ్బు చిన్నతనములో రాదు, ఏడాది దాటి ముదిరిన పిదపనే వచ్చును.

ఈ సందర్భమున భీమవరములో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారిని స్మరింపక తప్పదు. అమెరికాలో ఆయన బృందము తయారుచేసిన అమినోప్టెరిన్ మందుతోనే బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్, 1948లో ప్రకటించిన ప్రకారము, పిల్లల లుకేమియాను తాత్కాలికముగానైనను తగ్గించగలిగినారు. ఆ తరగతిదే అయిన మెథోట్రెక్సేట్ నేటికిని ఆ పిల్లలకు ఇచ్చుచున్నారు. ఆ జబ్బులో ఎక్కువ భాగము బి కణముల తెగదే.

ఇక ఎలుకల కష్టము మాట. అవి అడిగి వచ్చినవి కావు. వీలైనచోట జంతువును మానుడు, తప్పనిచో తక్కువ వాడుడు, వాడినచో బాధ తగ్గించుడు అని 1959లో ఇద్దరు ఆంగ్ల శాస్త్రజ్ఞులు చెప్పిన మూడు నియమములు లోకమంతట ఆదర్శముగా ఉన్నవి. మన దేశములో 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ఈ ప్రయోగములకు హద్దులు విధించినది.

చివరగా మన కుటుంబములవారికి ఒక మనవి. ‘ఎలుకలలో క్యాన్సరు నయమైనది’ అని పత్రికలో చదివి, ఇంటిలో జరుగుచున్న చికిత్సను మానిపించి, రాని మందుకై ఎదురుచూచుట ప్రమాదము. ఎలుకలో పనిచేసినవి ఎన్నో మనుష్యునిలో పనిచేయక పోయినవి. ‘మనుష్యులకు ఇచ్చి చూచినారా? మా వాని జబ్బు రకమునకేనా?’ అని డాక్టరుగారినే అడుగుడు. మెడలోగాని, చంకలోగాని, గజ్జలోగాని బిళ్ళకట్టుట చాలసార్లు మామూలు జ్వరము, పుండు వలననే. కాని నొప్పిలేని బిళ్ళ వారములు గడచినను తగ్గకున్నను, కారణము లేని జ్వరము, రాత్రి చెమటలు, బరువు తగ్గుట ఉన్నను, పసరు పట్టీలతో కాలము గడపక వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఈ జబ్బులలో కొన్ని నేడు కుదురునవే. ఆలస్యము చేయకుండుట మన చేతిలోని పని.