ఎగిరే కెమెరాకు వణుకెందుకు?

నవా రాయపూర్‌లోని తిన్నని రోడ్లమీద ఎగురుతూ ఓ చిన్న డ్రోన్ తీసిన వీడియోను చూస్తున్నారనుకోండి. నిటారుగా నిలబడవలసిన దీపస్తంభాలు ఒక్కోసారి పాముల్లా మెలికలు తిరుగుతాయి. భవనాల అంచులు గిన్నెలోని జున్నులా అదురుతాయి. డ్రోన్లు ఎగరేసేవాళ్ళు దీన్ని ‘జెల్లో’ అంటారు. ఇది గాలి చేసిన అల్లరి కాదు. దీపస్తంభాలు కదలనే లేదు. కదిలింది కెమెరా.

పెళ్ళి వీడియోలో అయితే నవ్వి ఊరుకోవచ్చు. అయితే 2020 ఏప్రిల్ 24న మొదలైన స్వామిత్వ పథకం కింద గ్రామాల్లోని ఇళ్ళ స్థలాలను సర్వే ఆఫ్ ఇండియా డ్రోన్లతో చిత్రించే పని చేపట్టింది. 2025 జనవరి 18న ఆ పథకం ఆస్తి కార్డులు పంచిన రాష్ట్రాల్లో ఛత్తీస్‌గఢ్ కూడా ఉంది. ఫొటోలో గోడ వంకరపోతే పటంలో హద్దు వంకరపోతుంది. హద్దు జానెడు జరిగితే పల్లెలో ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. అందుకే సర్వే డ్రోన్లలో సాధారణంగా దృశ్యమంతా ఒకేసారి బంధించే కెమెరాలను వాడతారు.

చవక కెమెరాల సంగతి వేరు. వాటిలోని సెన్సర్ దృశ్యాన్ని పైనుంచి కిందికి వరుస తరువాత వరుసగా చదువుతుంది. ఇలా చదవడానికి సెకనులో ముప్పయ్యో వంతు పట్టిందనుకుందాం. ఆలోగా కెమెరా సెకనుకు 100 సార్లు చొప్పున అదిరితే, ఒక్క బొమ్మ పూర్తయ్యేసరికి మూడు కంపనాలు జరిగిపోతాయి. పై వరుస చదివేటప్పుడు కెమెరా ఎడమకు, తరువాతి వరుసకు కుడికి జరిగి ఉంటుంది. నిలువుగీత అలలా కనిపించడానికి కారణం ఇదే.

ఈ 100 అనే సంఖ్య ఎక్కడిది? నిమిషానికి 6,000 సార్లు తిరిగే రెక్క సెకనుకు 100 చుట్లు తిరుగుతుంది. ఇప్పుడు ఆ రెక్కకు ఇరుసునుంచి పది సెంటీమీటర్ల దూరంలో గ్రాములో పదోవంతు మట్టి అంటుకుందని ఊహించండి. ఆ వేగంలో దానిమీది అపకేంద్ర బలం మట్టి బరువుకు దాదాపు నాలుగువేల రెట్లు, అంటే సుమారు 400 గ్రాముల బరువుకు సమానం! అంత బలం సెకనుకు వందసార్లు దిశ మార్చుకుంటూ మోటారును గుంజుతుంది. గ్రాములో పదోవంతు అంటే నాలుగైదు బియ్యపు గింజలే.

రాయపూర్‌లో దీనికి ఎండ కూడా తోడవుతుంది. సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తున్న ఈ ఊళ్ళో జనవరి ఉదయం ఉష్ణోగ్రత 15 డిగ్రీలుంటే, ఘనపు మీటరు గాలి సుమారు 1.18 కిలోగ్రాములు తూగుతుంది. మే నెలలో 45 డిగ్రీల ఎండకు అది 1.07కు పడిపోతుంది. పలచని గాలిలో అదే బరువును మోయడానికి రెక్కలు సుమారు 5 శాతం ఎక్కువ వేగంతో తిరగాలి. 100 కంపనాలు 105 అవుతాయి. ఇదేమంత తేడా అనిపించవచ్చు. కాని ప్రతి వస్తువుకూ ఓ సహజ పౌనఃపున్యం ఉంటుంది. ఉయ్యాలను దాని లయకు తగినట్టు తోస్తే చిన్న తోపుకే పైకి లేస్తుంది. ఇదే అనునాదం. కెమెరాను పట్టివుంచే పలక సహజ పౌనఃపున్యం 105 దగ్గరుంటే, చలికాలంలో మెదలకుండా ఉన్న పలకే వేసవిలో గణగణలాడుతుంది. “జనవరిలో బాగానే ఉంది కదా” అనేవారి సందేహానికి సమాధానం చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది.

కనుక చికిత్స రెక్కల దగ్గరే మొదలుపెట్టాలి. రెక్కను సన్నని ఇరుసుమీద స్వేచ్ఛగా నిలిపితే బరువైన వైపు కిందికి వాలుతుంది. తేలికైన వైపు వెనకభాగంలో చిన్న టేపుముక్క అంటించి సరిచేస్తారు. పగులున్న రెక్కను మాత్రం మరమ్మతు చేయకూడదు, పారేయాలి. వంగిన మోటారు ఇరుసు, అరిగిన బేరింగు, వదులైన మరలు కూడా ఇదే జబ్బు తెస్తాయి.

మిగిలిన వణుకును మధ్యలోనే ఆపాలి. కెమెరాను రబ్బరు గుండ్లమీద వేలాడదీసేది అందుకే. ఆ అమరిక సహజ పౌనఃపున్యం 10 ఉంటే, 100 దగ్గరి అదురులో ఆదర్శ పరిస్థితుల్లో సుమారు నూరోవంతే కెమెరాకు చేరుతుంది. అయితే బలం పౌనఃపున్యం సహజ పౌనఃపున్యానికి 1.4 రెట్లు దాటితేనే ఈ లాభం. అంతకు తక్కువైతే రబ్బరు అదురును ఆపకపోగా పెంచుతుంది. గట్టి రబ్బరుమీద తేలిక కెమెరా పెడితే జరిగేది ఇదే. మరీ మెత్తనిదైతే కెమెరా ఊగిసలాడుతుంది. రబ్బరు ఎంత మంచిదైనా కెమెరా తీగ బిగుసుకుని ఉంటే వణుకు ఆ తీగ గుండా నేరుగా పోతుంది. చాలామంది దీన్ని చూడరు. జింబల్ పెట్టాం కదా అని ధీమాగా ఉండడమూ తగదు. అది డ్రోన్ ఒరుగును సరిదిద్దగలదు గాని, సెకనుకు వంద కంపనాల వెంట పరుగెత్తలేదు.

కెమెరాకు నల్లద్దం లాంటి ఎన్‌డీ ఫిల్టరు తగిలిస్తే వంకరలు మాయమవుతాయని కొందరు చెబుతారు. అది నిజమే. మండుటెండలో కెమెరా ఒక్కో వరుసకు సెకనులో రెండువేలవ వంతే వెలుతురు తీసుకుంటుంది. ఫిల్టరుతో దాన్ని అరవయ్యో వంతుకు పెంచితే, ఒక పూర్తి కంపనం ఆ వ్యవధిలోనే జరిగిపోయి అలలు కలిసిపోతాయి. కాని ఇది రోగాన్ని దుప్పటి కప్పి దాచడమే. సినిమా చిత్రణకు పనికొస్తుంది, సర్వేకు పనికిరాదు. సెకనుకు 10 మీటర్ల వేగంతో పోయే డ్రోన్ ఆ అరవయ్యో వంతులో దాదాపు 17 సెంటీమీటర్లు జరుగుతుంది, గోడ అంచు ఆ మేరకు అలుక్కుపోతుంది.

అసలు రోగం ఎంతుందో డ్రోన్ తానే చెబుతుంది. ఆర్డుపైలట్ వంటి నియంత్రణ వ్యవస్థలు కంపనాల త్వరణాన్ని నమోదు చేస్తాయి. ఆ విలువ సెకను వర్గానికి 30 మీటర్లు దాటితే బొమ్మ సంగతి అటుంచి, డ్రోన్ తన ఎత్తునే తప్పుగా అంచనా వేయవచ్చు. రెక్కలను ఒక్కొక్కటిగా మారుస్తూ, ప్రతిసారీ కొద్దిసేపు ఎగరేసి ఆ లెక్క చూస్తే దోషి ఏ మోటారు దగ్గరుందో తేలిపోతుంది. పరీక్ష మే నెల మధ్యాహ్నమే చేయండి.