కణపొరల కరగుదలను కొలుచు విద్య

జీవకణమును ఆవరించిన పొర నాలుగైదు నానోమీటర్ల మందము మాత్రమే కలదైనను, చలికి బిగిసి వేడికి సడలు స్వభావము దానికి కలదు. ఆ మార్పు కంటికి గోచరింపదు గాని, ఉష్ణమును కొలుచు యంత్రమునకు దాగదు.

ఈ పొరలోని ప్రధాన లిపిడ్ల ప్రతి అణువునకును నీటిని కోరు తల ఒకటి, నీటికి వెరచు తోకలు రెండు. చల్లని స్థితియందు తోకలు నిటారుగా, చేరువచేరువగా నిలిచియుండి, ఒకానొక ఉష్ణోగ్రతయొద్ద వంకరలు తిరిగి, చోటు పెంచుకొని, ద్రవమువలె చలింపజొచ్చును. డిఫరెన్షియల్ స్కానింగ్ కెలోరిమీటర్ అను యంత్రమున ఒక గదిలో నీరును, మరియొక గదిలో నీటియందు కలిపిన కొలదిపాటి లిపిడ్‌ను ఉంచి, రెంటిని సమవేగమున వేడిచేయుచు, లిపిడ్ గది వెనుకబడకుండ దానికి ఎంత విద్యుచ్ఛక్తి అధికముగా నీయవలసివచ్చునో గుర్తింతురు. అదియే ఉష్ణధారణ సామర్థ్యపు రేఖ. ఒక్కొక్క తోకలో 16 కర్బన పరమాణువులు గల డైపాల్మిటోయిల్ ఫాస్ఫటిడిల్ కోలిన్ విషయమున, ఇంచుమించు 41 డిగ్రీల సెల్సియస్‌యొద్ద ఆ రేఖ శిఖరమై లేచును. శిఖరము క్రింది వైశాల్యము, పరివర్తనమునకై లిపిడ్ గ్రహించిన వేడిమి.

అయితే నా దృష్టిలో ఎత్తుకంటె సన్నదనమే విశేషమైనది. అణువులు వేటికవి మారినచో ఆ శిఖరము పెక్కు డిగ్రీల మేర పరచుకొనవలెను. అట్లుగాక సూదివలె నిలుచుచున్నదన్న, వందలాది అణువులు ఒక్కుమ్మడిగా మారుచున్నవన్నమాట.

తోక పొడవు ఈ లెక్కను శాసించును. హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఎం. జె. స్వామిగారును వారి శిష్యులును ఎన్-ఎసైల్ ఇథనోలమీన్లు అను లిపిడ్లను ఈ పద్ధతిచే శోధించి, తోక పెరిగినకొలది పరివర్తనోష్ణము సరళరేఖగా హెచ్చునని చూపిరి. 18 కర్బనముల స్టియరిక్ తోకలు రెండు గల కోలిన్ లిపిడ్ 55 డిగ్రీలయొద్ద కరుగగా, అంతే పొడవు గల ఓలిక్ తోకల లిపిడ్, నడిమి ద్విబంధపు వంపుచే, సున్నకు దిగువననే కరుగుచున్నది.

జీవకణపు పొర పలువిధముల లిపిడ్ల మిశ్రమమగుటచే, శీతకాలమున పేరిన కొబ్బరినూనెవలె, కొంత మేరలో క్రమముగా సడలును. 1969లో స్టైమ్ ప్రభృతులు సజీవమైన ఏకోలెప్లాస్మా అను సూక్ష్మజీవియందే అట్టి క్రమమైన సడలింపును చూపు వెడల్పైన గుబ్బను రేఖపై కనుగొనిరి. కొలెస్టరాల్ సగపాలు చేరినచో శిఖరము దాదాపు అదృశ్యమగును.

హైదరాబాదు తార్నాకలోని ప్రాంతీయ పరిశోధనాలయము నుండి 1977లో ఉద్భవించిన సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ కేంద్రము (సి.సి.ఎం.బి.)లో ఎస్. శివాజీ, ఎం. కె. రే ప్రభృతులు అంటార్కిటికా బాక్టీరియాలను ఏండ్ల తరబడి పరిశీలించిరి. ఘనీభవన స్థానమునకు చేరువలో పెరుగు అట్టి జీవులు, చలికి పొర బిగిసి అందలి ప్రోటీనులు చలనము కోల్పోకుండుటకై, ద్విబంధములును శాఖలును గల కొవ్వు ఆమ్లములను తమ లిపిడ్లలో అధికముగా చేర్చుకొనును.