అందరికీ తెరచిన నక్షత్ర పట్టిక

బల్కంపేట ఎల్లమ్మ గుడికి దగ్గరలోనే, బేగంపేటలో, నిజామియా వేధశాల ఆవరణ ఉన్నది. నేడు అక్కడ ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం పనిచేస్తున్నది. అమీర్‌పేట, పంజాగుట్టల రద్దీలో పోయేవారికి ఆ చోటు పేరైనా తెలియకపోవచ్చు. అయినను, పరిశోధకుడు తన కొలతలను లోకానికి ఏ విధంగా అప్పగించవలెను అనే ప్రశ్నకు ఇంతకంటె మంచి ఉదాహరణ మన ప్రాంతంలో దొరకడం కష్టం.

1887లో పారిస్ నగరంలో ఖగోళ శాస్త్రజ్ఞులు సమావేశమై, ఆకాశమంతటినీ ఫొటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారు చేయాలని నిశ్చయించారు. ఏ ఒక్క వేధశాలకూ ఆకాశమంతా కనబడదు గనుక ఒక్కొక్కదానికి ఒక్కొక్క పట్టీని పంచి ఇచ్చారు. ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుండి 23 డిగ్రీల వరకు గల పట్టీ మొదట చిలీ దేశపు శాంటియాగోకు వచ్చింది. అక్కడ పని సాగలేదు. ఆ బాధ్యతను హైదరాబాదు స్వీకరించింది. నవాబు జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన వేధశాల 1908లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేరింది. మొదట పోకాక్, తరువాత భాస్కరన్ ఆధ్వర్యంలో 1914 నుండి 1929 వరకు ఈ పట్టీని ఫొటోలు తీశారు. ఫలితాలు సంపుటాలుగా వెలువడినవి.

ఫొటో గాజు ఫలకం మీద పడుతుంది. దానిమీద 5 మిల్లీమీటర్లకొక గీత చొప్పున గళ్లు కూడ ముద్రిస్తారు. ఫలకంపై ఒక మిల్లీమీటరు ఆకాశంలో ఒక కళకు, అనగా డిగ్రీలో 60వ వంతుకు, సమానం. సూక్ష్మదర్శినిలో చూచి ప్రతి నక్షత్రమూ ఏ గడిలో ఎక్కడ ఉన్నదో రెండు అంకెలుగా వ్రాసుకోవాలి. ఇట్లు లక్షలాది చుక్కలు!

ఇక్కడనే అసలు విశేషం ఉన్నది. సంపుటాలలో అచ్చువేసినవి తుది స్థానాలు కావు. గాజుపై కొలిచిన ఆ రెండు అంకెలే. వాటినుండి ఆకాశ స్థానాన్ని లెక్కకట్టేందుకు కావలసిన స్థిరాంకాలను ఫలకంవారీగా ఇచ్చారు. చదువరికి ఇది విసుగు పుట్టించే పద్ధతియే. కాని బడిలో లోలకం ప్రయోగాన్ని తలచుకోండి. ఒక విద్యార్థి తన రికార్డులో గురుత్వ త్వరణం విలువ మాత్రమే వ్రాసినాడు. మరియొకడు దారం పొడవు, 20 డోలనాలకు పట్టిన కాలం కూడ వ్రాసినాడు. స్కేలు చివర అరిగినదని తరువాత తేలితే, రెండవవాని లెక్క సరిదిద్దవచ్చు. మొదటివాని జవాబును పారవేయవలసినదే.

హైదరాబాదు కొలతలకు సరిగ్గా అటువంటి అవసరమే వచ్చింది. 1989లో ఐరోపా దేశాలు పంపిన హిప్పార్కస్ ఉపగ్రహం నక్షత్ర స్థానాలను అతి సూక్ష్మంగా కొలిచింది. ఆ తరువాత అమెరికా నౌకాదళ వేధశాల పాత సంపుటాల అంకెలన్నిటినీ కొత్త ప్రమాణంతో తిరిగి లెక్కించి, 46 లక్షల నక్షత్రాల పట్టికను 1997లో విడుదల చేసింది. పాత స్థానానికీ కొత్త స్థానానికీ గల భేదాన్ని బట్టి నక్షత్రం స్వంతంగా ఎంత కదిలినదో తెలుస్తుంది. 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో 25 లక్షలకు పైగా నక్షత్రాల కదలికలు ప్రధానంగా ఈ పాత కొలతల ఆధారంతోనే తేలినవి. బేగంపేట అంకెలు బీరువాలో ఉండిపోయి ఉంటే? 1914 నాటి ఆకాశాన్ని నేడు ఎంత ధనం పోసినా మళ్లీ ఫొటో తీయలేము.

ఇచ్చినవారి పట్ల తీసుకొనేవారికీ ధర్మం ఉన్నది: కొలతలు ఎక్కడివో పేర్కొనాలి, నచ్చని అంకెను చెప్పకుండా తొలగించరాదు. శ్రమపడి సేకరించినవారు మొదట తామే పరిశీలించుకొనేందుకు కొంత గడువు కోరితే అన్యాయం కాదు. గడువు ఏండ్ల తరబడి సాగితేనే అన్యాయం.

నక్షత్రాలకు గోప్యం లేదు, మనుషులకు ఉన్నది. అదే బేగంపేటలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని గుర్తించాడు. ఆ దోమకు రక్తమిచ్చిన రోగి హుసేన్ ఖాన్ పేరు చరిత్రకు ఎక్కింది. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టింది. నేడు అట్లు పేరు అచ్చువేయరు. భారత వైద్య పరిశోధన మండలి 2017 నియమాల ప్రకారం రోగికి విషయం వివరించి సమ్మతి తీసుకోవాలి, అతని గోప్యాన్ని కాపాడాలి. పేరు కొట్టివేసినంత మాత్రాన పని తీరదు. బల్కంపేటలోని ఒక వీధి, వయస్సు, వృత్తి, అరుదైన జబ్బు — ఈ నాలుగూ పట్టికలో ఉంటే ఇరుగుపొరుగువారు మనిషిని ఇట్టే పోల్చుకుంటారు. అందుచేత వీధికి బదులు జిల్లాను, వయస్సుకు బదులు పదేండ్ల అంతరాన్ని చూపుతారు. అప్పటికీ అనుమానముంటే, ఉద్దేశం తెలిపి అర్జీ పెట్టుకొన్న పరిశోధకులకు మాత్రమే ఇస్తారు.