గడ్డకట్టిన ఈస్టు మళ్లీ పొంగుతుందా?

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతంలో మే నెల ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. తెల్లవారుజామున తాటిచెట్టు మీది నుంచి దించిన కల్లు మధ్యాహ్నానికే నురగలు కక్కి పుల్లబడుతుంది. ఇక్కడ పులియబెట్టే పనిలో ఉన్నవారి బెంగ తరతరాలుగా వేడితోనే. చలి బెంగ ఫ్రిజ్‌తో వచ్చింది. థర్మోస్టాట్ సరిగా పనిచేయకపోతే, లోపలి గోడకు ఆనించి పెట్టిన ఇడ్లీ పిండి తెల్లారేసరికి అంచుల వెంట బిగుసుకుపోయి, పైన మంచు పలుకులతో కనిపిస్తుంది. చాలామంది దాన్ని పారబోస్తారు. ఆ తొందర అక్కర్లేదు.

ఈ ప్రశ్న ఇంతకంటే పెద్దగా ఎదురయ్యేది ఇంట్లో బీరు కాచుకునేవారికి. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. మన పిల్లలు ఎందరో స్థిరపడిన అమెరికాలో మాత్రం, ఇంటి అవసరానికి బీరు కాచుకోవడాన్ని 1978లో చేసిన ఫెడరల్ చట్టం అనుమతించింది. అక్కడి చలికాలంలో గ్యారేజీలో పెట్టిన పాత్ర ఒక్క రాత్రిలో సున్నా కిందికి జారిపోవచ్చు. ఆ పాత్రలోని ఈస్టు మనకు కొత్తదేమీ కాదు. శాకరోమైసిస్ సెరెవిసియే అనే ఆ జీవే మన కల్లునూ పొంగిస్తుంది.

స్వచ్ఛమైన నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. నూటికి 12 పాళ్లు చక్కెర ఉన్న తాజా నీరా (ఇంకా పులియని కల్లు) అయితే సుమారు మైనస్ 0.7 దగ్గర, 5 శాతం ఆల్కహాలు ఉన్న బీరు మైనస్ 2 ప్రాంతంలో మంచు పట్టడం మొదలవుతుంది. మొదలైనంత మాత్రాన అంతా బిగుసుకుపోదు. కిలో నీరు మంచుగా మారాలంటే 334 కిలోజౌళ్ల వేడి బయటికి పోవాలి. అందుకే 20 లీటర్ల పాత్ర సాధారణంగా ఒక్క రాత్రిలో పూర్తిగా గడ్డకట్టదు. గోడల వెంట మంచు పేరుకుంటుంది, మధ్యలో ద్రవం మిగులుతుంది.

ఈస్టుకు అసలు కష్టం ఆ మిగిలిన ద్రవంలోనే. నీరు మంచుగా విడిపోతున్న కొద్దీ చక్కెర, ఆమ్లం, ఆల్కహాలు ఆ కాస్త ద్రవంలో చిక్కబడతాయి. ఉప్పు చల్లిన మామిడి ముక్క నీరు వదిలినట్టే, ఈస్టు కణం లోపలి నీటిని బయటికి వదిలి ముడుచుకుపోతుంది. మరీ వేగంగా చల్లబడితే కథ వేరు. నీరు బయటికి వచ్చే వ్యవధి దొరకక కణం లోపలే మంచు స్ఫటికాలు ఏర్పడి పొరలను చీలుస్తాయి. ఈ రెండు రకాల హానినీ కలిపి ఒక సిద్ధాంతంగా 1972లో ప్రతిపాదించినవారు అమెరికా శాస్త్రవేత్త పీటర్ మేజర్, ఆయన సహచరులు. గ్యారేజీ చలి నెమ్మదైనది కాబట్టి ఎక్కువగా మొదటి రకం హానే జరుగుతుంది. చాలా కణాలు చనిపోవచ్చు, అన్నీ చనిపోవడం అరుదు. తిండి తిని విశ్రాంతిలో ఉన్న ఈస్టు ట్రెహలోజ్ అనే చక్కెరను నిల్వచేసుకుని పొరలను కాపాడుకుంటుంది. జోరుగా పొంగుతున్న దశలో ఉన్నదానికి ఆ రక్షణ తక్కువ. పిండిని గడ్డకట్టించి అమ్మే బేకరీ పరిశ్రమ, అది పొంగకముందే ఫ్రీజర్‌లో పెట్టడానికి ఇదొక ముఖ్య కారణం.

మరి గడ్డకట్టిన బీరును ఏం చేయాలి? ముందు పాత్రను చూడాలి. మంచు నీటి కంటే దాదాపు 9 శాతం ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. గాజు మీద వెంట్రుకంత బీట కనిపించినా ఆ బీరు తాగకూడదు. పాత్ర బాగుంటే మూత తీయకుండా చల్లని గదిలో ఉంచి పూర్తిగా కరగనివ్వాలి. పొయ్యి దగ్గరికి చేర్చకూడదు. సగం కరిగినప్పుడు ద్రవాన్ని వంపుకోవడం మంచిది కాదు, అందులో ఆల్కహాలు చిక్కబడి ఉంటుంది. అంతా కరిగాక అడుగున పేరుకున్న ఈస్టు లేచేలా పాత్రను మెల్లగా తిప్పి, 20 డిగ్రీల ప్రాంతంలో ఉంచాలి. ఆ తర్వాత బుడగల కంటే, ద్రవం సాంద్రతను కొలిచే హైడ్రోమీటర్ మాట నమ్మడం మేలు. వెచ్చబడిన ద్రవం, కరిగి ఉన్న వాయువును వదిలినా బుడగలు వస్తాయి. రెండు మూడు రోజుల్లో సాంద్రత తగ్గుతుంటే ఈస్టు బతికినట్టే. కదలకపోతే, చక్కెర ఇంకా మిగిలి ఉంటే, పొడి ఈస్టును గోరువెచ్చని నీటిలో నానబెట్టి చేర్చుకోవాలి.

ఇడ్లీ పిండికీ దారి ఇదే. దాన్ని పొంగించడంలో ముందుండేది ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా. మంచును తట్టుకునే కణాలు వాటిలోనూ ఉంటాయి. పులియకముందే గడ్డకట్టిన పిండిని కరిగించి, అడుగు నుంచి కలిపి, 30 డిగ్రీల వెచ్చదనంలో ఉంచి, మామూలు కంటే ఎక్కువ సమయం ఇస్తే చాలావరకు లేస్తుంది. లేవకపోతే బాగా పులిసిన పాత పిండి గరిటెడు కలపవచ్చు. ఒకసారి పులిసి పొంగాక గడ్డకట్టినదైతే లోపలి గాలి పోయి ఇడ్లీ గట్టిపడుతుంది. దాన్ని దోసెలకు వాడుకోవడమే మంచిది.

నీరా అమ్మేవారికి ఇందులోనే ఒక హెచ్చరిక ఉంది. లొట్టికి పూసే సున్నం, ఆ తర్వాతి చల్లదనం పులియడాన్ని ఆపి ఉంచుతాయి, ఈస్టును పూర్తిగా చంపవు. గడ్డకట్టించిన నీరా కరిగిన క్షణం నుంచి బతికిన కణాలు మళ్లీ పని మొదలుపెడతాయి. దాన్ని బిగించిన సీసాలో ఎండలో మోసుకెళ్తే లోపల వాయువు పేరుకుని సీసా పగిలే ప్రమాదం ఉంది.