లినక్స్ యాప్ ఫ్రీబీఎస్‌డీలో ఎలా నడుస్తుంది? ఎమ్యులేటర్ అక్కర్లేదు!

ఫ్రీబీఎస్‌డీ వాడే వాళ్లందరికీ ఎదురయ్యే సమస్య ఒకటుంది. నచ్చిన సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ పేజీకి వెళ్తే విండోస్, మ్యాక్, లినక్స్ బటన్లు కనిపిస్తాయి. మనది మాత్రం ఉండదు. నేను రోజూ వాడే సబ్‌లైమ్ టెక్స్ట్ పరిస్థితీ అంతే. అయినా దాని లినక్స్ వెర్షన్‌నే ఫ్రీబీఎస్‌డీ ల్యాప్‌టాప్‌లో హాయిగా నడుపుతున్నాను. వర్చువల్ మెషీన్ లేదు, డ్యూయల్ బూట్ అంతకన్నా లేదు.

దీని వెనుక ఉన్నది లినక్సులేటర్. పేరు చూసి ఎమ్యులేటర్ అనుకోకండి. ప్రాసెసర్ ఒకటే కాబట్టి ప్రోగ్రామ్‌లోని కోడ్ నేరుగానే నడుస్తుంది. ఫైల్ తెరవాలన్నా, స్క్రీన్ మీద అక్షరం రాయాలన్నా కెర్నల్‌ని అడగాలి కదా, తేడా అంతా అక్కడే. ఈ అడగడాన్నే సిస్టమ్ కాల్ అంటారు. ప్రతి కాల్‌కీ ఒక నంబర్ ఉంటుంది.

64 బిట్ ఇంటెల్, ఏఎండీ లినక్స్‌లో 1 అంటే 'రాయి'. ఫ్రీబీఎస్‌డీలో 1 అంటే 'ప్రోగ్రామ్ ముగించు'! డోర్ నంబర్ ఒకటే, వీధులు వేరు. ఎర్రర్ నంబర్లలోనూ ఇదే తమాషా: 'మళ్లీ ప్రయత్నించు' అనేది లినక్స్‌లో 11, ఫ్రీబీఎస్‌డీలో 35. అక్కడి 35 ఇక్కడ 11. అందుకే ఫ్రీబీఎస్‌డీ కెర్నల్ ముందుగా ఫైల్ హెడర్ చూసి ఇది లినక్స్ ప్రోగ్రామా కాదా అని తేల్చుకుంటుంది. అవునంటే లినక్స్ నంబర్ల పట్టిక వాడుతుంది, జవాబునూ లినక్స్ భాషలోనే ఇస్తుంది. మధ్యలో ఉన్నది పల్చటి పొర మాత్రమే కాబట్టి స్పీడ్ పెద్దగా తగ్గదు.

లైబ్రరీల సంగతేంటి? వాటి కోసం 'కాంపాట్' కింద 'లినక్స్' అనే ఫోల్డర్ ఉంటుంది. రాకీ లినక్స్ ప్యాకేజీలు అందులో దిగుతాయి. లినక్స్ ప్రోగ్రామ్ ఏ ఫైల్ అడిగినా కెర్నల్ ముందు అక్కడ వెతుకుతుంది, దొరక్కపోతే అసలు సిస్టమ్‌లో చూస్తుంది.

ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి. చాలామంది ఆ ఫోల్డర్‌ని సేఫ్ లాకర్ అనుకుంటారు. కానే కాదు. లినక్స్ యాప్‌కి మీ యూజర్ పర్మిషన్లన్నీ ఉంటాయి, మీ హోమ్ ఫోల్డర్ కూడా చదవగలదు. నమ్మకం లేని యాప్ అయితే జైల్‌లో పెట్టి నడపండి. ఫ్రీబీఎస్‌డీలో నిజంగానే జైల్ అనే ఫీచర్ ఉంది!

పరిమితులూ ఉన్నాయి. లినక్స్ డ్రైవర్లు పనిచేయవు, ఎందుకంటే అవి కెర్నల్ లోపల ఉండాల్సినవి. లినక్స్ కెర్నల్‌లోని సీగ్రూప్స్, నేమ్‌స్పేస్‌ల మీద ఆధారపడే డాకర్ లాంటివీ ఈ పొర మీద నడవవు. మైక్రోసాఫ్ట్ కూడా 2016లో మొదటి డబ్ల్యూఎస్‌ఎల్‌ని ఇలాంటి అనువాద పద్ధతిలోనే తెచ్చింది. రెండో వెర్షన్‌కి వచ్చేసరికి వర్చువల్ మెషీన్‌లో అసలు లినక్స్ కెర్నల్‌నే పెట్టేసింది. ఫ్రీబీఎస్‌డీ మాత్రం 1995 నుంచి ఇదే దారిలో ఉంది.

నా సలహా ఇదీ: ఫ్రీబీఎస్‌డీ సొంత ప్యాకేజీ దొరికితే మొదట అదే వాడండి. దొరకనప్పుడే లినక్సులేటర్. ఒక్క యాప్ కోసం నచ్చిన సిస్టమ్‌నే వదులుకోవాల్సిన పనైతే లేదు.