సింగపూర్‌లో మిగిలిన కొండలు

సింగపూర్‌లోకెల్లా ఎత్తైన కొండ బుకిట్ తిమా. శిఖరం మీద ఒక బండరాయికి ఫలకం బిగించి ఎత్తు రాశారు: 163.63 మీటర్లు. విశాఖ కైలాసగిరి ఎత్తూ ఇంచుమించు అంతే. అలిపిరి మెట్లు ఎక్కి దిగే జనానికి ఇది కొండల లెక్కలోకే రాదు. ఊళ్లోని మెరీనా బే శాండ్స్ హోటల్ పైకప్పు కూడా దీనికంటే ఎత్తే. అయినా ఆదివారం పొద్దున్నే వెళ్తే ఆ బండ పక్కన ఫొటో దిగడానికి జనం వరస కట్టి ఉంటారు.

కొండల దీవిలో సెలవులు అనగానే లోకానికి గుర్తొచ్చేవి అట్లాంటిక్ దీవులు. పోర్చుగల్ వాళ్ల మదీరాలో పీకో రూయివో శిఖరం 1,862 మీటర్లు. స్పెయిన్ వాళ్ల టెనెరీఫేలో టేదే అగ్నిపర్వతం 3,715 మీటర్లు. అక్కడ మబ్బులు కాళ్ల కింద ఉంటాయి. సింగపూర్‌కు అంత అదృష్టం లేదు. పైగా ఉన్న కాసిన్ని కొండల్నీ ఈ ఊరు చాలావరకు తానే తవ్వేసుకుంది. 1822లో బ్రిటిష్ పాలకుడు రాఫెల్స్ హయాంలో ఒక చిన్న గుట్టను పగలగొట్టి, ఆ మట్టితో నది ఒడ్డున చిత్తడిని పూడ్చారు. ఇప్పుడు బోట్ కీ అని పిలిచే చోటు అదే. 1879 నుంచి వాలిచ్ కొండను కరిగించి తెలోక్ ఆయర్ దగ్గర సముద్రాన్ని వెనక్కి నెట్టారు. 1966లో మొదలైన ఈస్ట్ కోస్ట్ పూడిక కోసం బెడోక్, టాంపినీస్ గుట్టల మట్టిని కన్వేయర్ బెల్టుల మీద సముద్రం దాకా పంపారు. 1960ల్లో 580 చదరపు కిలోమీటర్ల చిల్లరగా ఉన్న దేశం ఇప్పుడు 730 దాటింది. కొండను తవ్వి ఎలుకను పట్టడం మన సామెత. వీళ్లు కొండను తవ్వి ఊళ్లకు ఊళ్లే పట్టారు.

అలా పోగా మిగిలిన కొండలు, అడవులు, చిన్న దీవులే ఈ వారం కథ. మన ఊళ్ల నుంచి వచ్చే టూర్ ప్యాకేజీల్లో ఇవి దాదాపు కనిపించవు. చాలావాటికి టికెట్ లేకపోవడమే కారణమని నా అనుమానం. టికెట్ లేని చోట కమీషన్ ఏముంటుంది?

బుకిట్ తిమా దగ్గరే మొదలుపెడదాం. డౌన్‌టౌన్ లైన్ ఎమ్మార్టీ (మెట్రో రైలు) ఎక్కి బ్యూటీ వరల్డ్ స్టేషన్‌లో దిగితే కొండ మొదలు నడిచి చేరుకునేంత దూరం. 1883లోనే దీన్ని రక్షిత అడవిగా గీత గీశారు. ఇప్పటి విస్తీర్ణం నాలుగు వందల ఎకరాలు. మన పెద్ద రైతుల పాత భూకమతాలతో పోలిస్తే ఇదేమంత పెద్దది కాదు గానీ, ఇందులోని చెట్లు మాత్రం నాటినవి కావు. ఆకాశం కనపడనీయని డిప్టెరోకార్ప్ మహావృక్షాలు, వాటిని చుట్టుకున్న తీగలు, కాండాన్ని కరుచుకుని పగలంతా నిద్రపోయే కొలుగోలు. కొలుగో అంటే చెట్టు నుంచి చెట్టుకు గాలిలో జారుతూ వెళ్లే చిన్న జంతువు. చూపు అలవాటు పడితే తప్ప బెరడుకీ దానికీ తేడా తెలియదు. 1854లో ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ ఈ కొండ కింద ఒక మిషనరీ ఇంట దిగి, సుమారు రెండు నెలల్లో 700 రకాల పెంకు పురుగులను పోగు చేశాడు. డార్విన్‌తో పాటు పరిణామ సిద్ధాంతాన్ని ప్రకటించిన వాలెస్ ఆయనే. పులుల కోసం తవ్విన గుంతల్లో పడిపోతానేమోనని ఆయన భయం. ఇప్పుడు పులులు లేవు, గుంతలూ లేవు. భయపడాల్సింది కోతులకే. చేతిలో ప్లాస్టిక్ సంచి కనిపిస్తే అందులో తిండి ఉందని వాటికి ఎప్పుడో తెలిసిపోయింది. పులిహోర డబ్బాను బ్యాగులో పెట్టి జిప్పు వేయండి. కోతికి అరటిపండు ఇవ్వడం మనకు పుణ్యం కావచ్చు, ఇక్కడ మాత్రం జరిమానా పడే నేరం.

తారు రోడ్డు పట్టి పైకి వెళ్తే అరగంట పని. ఆ రోడ్డు నిటారుగా ఉంటుంది, మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లకు వద్దు. పక్కనున్న అడవి దారుల్లో వేళ్లూ మెట్లూ కలగలిసి ఉంటాయి, వానపడితే జారుతుంది. పైకెక్కితే గొప్ప దృశ్యమేదో కనిపిస్తుందని కూడా ఆశపడకండి. శిఖరం చుట్టూ చెట్లే. ఈ కొండ అందం ఎక్కడంలో ఉంది, పైనుంచి చూడటంలో కాదు.

చూడాల్సింది కొండ పక్కన ఉంది. బుకిట్ తిమా ఇరవై కోట్ల ఏళ్లు దాటిన గ్రానైట్ కొండ. దాని ఒళ్లంతా క్వారీలు తవ్వి ఊరికి రాయి మోశారు. తవ్వకం ఆగాక ఆ గుంతల్లో నీళ్లు నిలిచాయి. హిండ్‌హీడ్ క్వారీ ఇప్పుడొక చెరువు. డెయిరీ ఫార్మ్ పార్కులో సింగపూర్ క్వారీ దగ్గర చెక్క వేదిక మీద నిలబడితే ఎదురుగా నిలువుగా కోసిన రాతి గోడ, కింద ఆకుపచ్చ నీళ్లు, తామరలు, కొంగలు. బుకిట్ గొంబాక్ ఎమ్మార్టీ పక్కన ఉన్న మరో క్వారీ గుంతకు చైనాలోని గ్విలిన్ కొండల పోలికతో లిటిల్ గ్విలిన్ అని పేరు. సాయంత్రం అపార్ట్‌మెంట్ల జనమంతా అక్కడే. చీమకుర్తి గుంతలు, కరీంనగర్ శివార్లలో సగానికి కోసి వదిలేసిన గుట్టలు చూసి పెరిగిన నాలాంటివాళ్లకు ఈ చెరువుల దగ్గర కడుపు మండుతుంది. గ్రానైట్ తవ్వని దేశం లేదు. తవ్వాక గుంతను ఏం చేశారన్నది మాత్రం దేశానికో తీరు. ఈ లెక్కన మన అధికారులు స్టడీ టూర్‌కు వచ్చినప్పుడు ఆకాశహర్మ్యాలు మానేసి ఈ గుంతలు చూసి వెళ్తే చాలు.

దక్షిణాన సముద్రానికి ఆనుకుని ఉన్న కొండల వరస సదరన్ రిడ్జెస్. మౌంట్ ఫేబర్, తెలోక్ బ్లాంగా, కెంట్ రిడ్జ్ కొండల్ని వంతెనలతో కలిపి పది కిలోమీటర్ల నడక దారి చేశారు. మౌంట్ ఫేబర్ పేరులో మన మద్రాసు వాసన ఉంది. 1845లో సిగ్నల్ స్టేషన్ కోసం పైకి దారి వేయించిన కెప్టెన్ చార్లెస్ ఎడ్వర్డ్ ఫేబర్ మద్రాసు ఇంజినీర్స్ దళం అధికారి. ఇక్కడి నుంచే 1974లో సెంటోసా దీవికి కేబుల్ కారు మొదలైంది. పెద్దవాళ్లతో వచ్చినవాళ్లకు నా ఓటు ఈ దారికే. ఫేబర్ నుంచి దిగగానే 2008లో తెరిచిన హెండర్సన్ వేవ్స్ వంతెన వస్తుంది. పొడవు 274 మీటర్లు. కింద రోడ్డు మీద పోయే బస్సులకు 36 మీటర్ల ఎత్తున, అలల్లా ఎగసిపడే చెక్క నిర్మాణం. ఆ మలుపుల్లోనే కూర్చోవడానికి చోట్లున్నాయి. దాని తర్వాత వచ్చే ఫారెస్ట్ వాక్ చెట్ల నడిమెత్తులో సాగే ఇనుప నడవ. వాలు ఎంత తక్కువంటే వీల్‌చెయిర్ కూడా వెళ్తుంది. ఇంకా ముందుకెళ్తే బుకిట్ చందు. 1942 ఫిబ్రవరి 14న, సింగపూర్ లొంగిపోవడానికి ముందు రోజు, లెఫ్టినెంట్ అద్నాన్ సైదీ నాయకత్వంలో మలయ్ రెజిమెంట్ సైనికులు జపాన్ సేనను ఎదిరించి నిలిచింది ఈ కొండ మీదే. ఒక పాత బంగళాలో ఆ పోరుకు చిన్న మ్యూజియం పెట్టారు. పిల్లలకు చూపించండి.

మెక్‌రిచీ జలాశయం అడవిలోని ట్రీటాప్ వాక్ గురించి రెండు ముక్కలే. రెండు గుట్టల మధ్య 250 మీటర్ల వేలాడే వంతెన, ఎక్కువలో ఎక్కువ నేలకు 25 మీటర్ల ఎత్తు. ఒకవైపే నడవాలి. దాన్ని చేరడానికీ తిరిగి రావడానికీ అడవిలో గంటల నడక ఉంది. సోమవారాలు మూసి ఉంటుంది. నడక అలవాటున్నవాళ్లు తప్ప వెళ్లకండి.

ఇక పులావ్ ఉబిన్ దీవి. నా మాట వింటే సింగపూర్ వచ్చినవాళ్లు చూడాల్సిన మొదటి చోటు ఇది. తనా మేరా ఎమ్మార్టీ దగ్గర 2 నంబరు బస్సెక్కి చాంగీ విలేజ్‌లో దిగాలి. పక్కనే పడవల రేవు. ఇక్కడ టైమ్ టేబుల్ లేదు. పన్నెండు మంది పోగయితే బంబోట్ కదులుతుంది, మన షేర్ ఆటో పద్ధతే. నిమిషాల లెక్కన నడిచే ఈ దేశంలో ఆ ఎదురుచూపు సరదాగా ఉంటుంది. పది పన్నెండు నిమిషాల్లో అవతలి ఒడ్డు. దిగగానే అద్దె సైకిళ్లు, రెండు మూడు హోటళ్లు, కొబ్బరి బోండాలు, రేకు కప్పుల ఇళ్లు. పది చదరపు కిలోమీటర్ల ఈ దీవిలో ఒకప్పుడు రెండు వేల మంది బతికారు. ఇప్పుడు పదుల్లోనే మిగిలారు.

వాళ్లలో చాలామందికి అన్నం పెట్టింది గ్రానైటే. తూర్పు సముద్రంలో పెద్రా బ్రాంకా బండ మీద 1851లో వెలిగిన హార్స్‌బర్గ్ దీపస్తంభం రాయి ఇక్కడిదే. 1855 నాటి రాఫెల్స్ దీపస్తంభానికి ఇక్కడి రాయే వాడారు. దాన్ని కట్టిన చేతులు మన దేశం నుంచి ద్వీపాంతర శిక్ష పడి వచ్చిన ఖైదీలవి. 1825 నుంచి 1873 దాకా ఈ ఊరి రోడ్లు, గుళ్లు, ప్రభుత్వ భవనాలు చాలా మటుకు వాళ్ల చెమటతో లేచాయి. ఉబిన్ క్వారీల తవ్వకం 1990ల చివరికి ఆగిపోయింది. వాటిలోనూ ఇప్పుడు నీళ్లే, నీళ్ల మధ్య చెట్ల మీద కొంగల గూళ్లు. 75 మీటర్ల లోపు ఉండే పువాకా గుట్ట ఎక్కితే క్వారీ చెరువు, దాని వెనక సముద్రం, ఆ వెనక మలేషియా ఒకే చూపులో అందుతాయి. బుకిట్ తిమా ఇవ్వని దృశ్యం ఇక్కడ దొరుకుతుంది.

దీవి తూర్పు కొసన చెక్ జావా. మడ అడవి, ఇసుక తిన్నెలు, పగడపు ముక్కల ఒడ్డు, సముద్రపు గడ్డి, అన్నీ ఒక్కచోటే. కోరంగి మడ అడవుల్లో చెక్క వంతెన మీద నడిచినవాళ్లకు ఇక్కడి వాసన వెంటనే తెలుస్తుంది. దీన్ని కూడా పూడ్చేయాలని 2001లో అంతా సిద్ధం చేశారు. ప్రకృతి ప్రేమికులు, మామూలు జనం ఆటు వేళ అక్కడికి వెళ్లి జీవాలను లెక్క రాసి, ఫొటోలు తీసి, విన్నపాలు పంపారు. ఆ డిసెంబరులో ప్రభుత్వం పూడిక ఆపింది. కొండల్ని సముద్రంలో పోసిన దేశం వెనక్కి తగ్గిన సందర్భం కాబట్టి నాకు ఈ చోటంటే ప్రత్యేకమైన ఇష్టం. ఇప్పుడు అక్కడ కిలోమీటరుకు పైగా చెక్క నడవ, 20 మీటర్ల జెజావీ బురుజు ఉన్నాయి. ఆటు సమయం చూసుకుని వెళ్లండి. పోటు మీద వెళ్తే నీళ్లు తప్ప ఏమీ కనిపించవు.

దక్షిణ దీవులకు మెరీనా సౌత్ పియర్ నుంచి ఫెర్రీ ఉంది. లాజరస్ దీవిలో అర్ధచంద్రాకారపు ఇసుక తీరం సెంటోసా కంటే ఎన్నో రెట్లు ప్రశాంతం. దానికి కట్ట మీదుగా కలిపిన సెయింట్ జాన్స్ దీవి కథ వేరు. 1874 నుంచి అది క్వారంటైన్ దీవి. ఓడల్లో అంటురోగం ఉందంటే వలస కూలీలను అక్కడే దింపేవారు. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వచ్చినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. నగరం ఎదురుగా కనిపిస్తున్నా అడుగు పెట్టనివ్వని రోజులవి. ఆ తర్వాత రాజకీయ ఖైదీలను పెట్టారు. పిదప దేశాధ్యక్షుడైన దేవన్ నాయర్ కూడా ఒకప్పుడు అక్కడ నిర్బంధంలో ఉన్నవారే. ఈ దీవుల్లో తిండి దొరకడం కష్టం, నీళ్లూ డబ్బా వెంట ఉండాలి.

సింగపూర్‌లో ఏడాది పొడవునా సూర్యుడు ఏడు గంటల ప్రాంతంలో లేచి, ఏడు గంటల ప్రాంతంలోనే దిగుతాడు. పదింటికల్లా ఎండ చెమటలు పట్టిస్తుంది. డిసెంబరు, జనవరిల్లో వానలెక్కువ. ఉరుములు వినిపిస్తే కొండ మీద, చెక్క నడవల మీద నిలబడొద్దు.

ఇక్కడ 1975 నుంచి తెలుగు సమాజం ఉంది, ఉగాది పచ్చడి దొరుకుతుంది, హైదరాబాద్ నుంచి నాలుగు గంటల చిల్లర ప్రయాణం. అందుకే సెలవులకు అమ్మానాన్నలు, అత్తమామలు వస్తూనే ఉంటారు. వాళ్లను యూనివర్సల్ స్టూడియోస్ క్యూలో నిలబెట్టే పిల్లలకు ఒక మనవి. ఆ టికెట్ల డబ్బు మిగుల్చుకోండి. ఒక పొద్దున హెండర్సన్ వేవ్స్, మరో పొద్దున ఉబిన్ చూపించండి. పడవ మనిషికి ఇవ్వడానికి చిల్లర డాలర్లు జేబులో ఉంచుకోండి, చీకటి పడకముందే తిరుగు పడవ ఎక్కండి.