గ్రామఫోను దుకాణం మెట్ల మీద

విద్య పాఠశాలలోనే అబ్బుతుందనడం సగం నిజం మాత్రమే. 1950, 1960 దశకాలలో తెలుగునాట పట్టణ యువకులకు పద్యం వినే తీరును, పాటలోని మంచి చెడ్డలను నేర్పిన తావు మరొకటి ఉండేది. అది బజారులోని గ్రామఫోను రికార్డుల దుకాణం. అక్కడ రుసుము లేదు, హాజరు పట్టీ లేదు. సాయంకాలం కళాశాల విడిచిన విద్యార్థులు నలుగురు మెట్ల మీద చేరితే అదే తరగతి.

దుకాణం చూడబోతే చిన్నదే. అద్దాల బీరువాలో కాగితపు సంచులలో నిలబెట్టిన రికార్డులు, గోడ మీద బాకా ముందు చెవి ఒగ్గి కూర్చున్న ‘హిజ్ మాస్టర్స్ వాయిస్’ వారి కుక్క బొమ్మ, బల్ల మీద గ్రామఫోను. పెండ్లిళ్ళకు మైకు సెట్టు అద్దెకిచ్చే వ్యాపారం కూడా దానితోపాటు సాగడం కద్దు.

నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల రికార్డులో ఒక్కొక్క వైపు పట్టేది సుమారు మూడు నిమిషాల పాట. చెట్ల కొమ్మలపై లక్కపురుగులు పెట్టే లక్క దాని తయారీలో ముఖ్యమైన దినుసు. చేయి జారితే అది పగులుతుంది. జారకపోయినా, ఉక్కు ముల్లు నడిచిన ప్రతిసారీ గాడి కొంత అరుగుతుంది. కనుక కొనలేని వానికి పాట వినిపించడమంటే వర్తకుడు తన సరకును తానే అరగదీసుకోవడం. వీధిలో నలుగురు నిలిచి వింటే అదే ప్రకటన అన్న లాభదృష్టి అందులో లేకపోలేదు. అయినా జేబులో కానీ లేని విద్యార్థి “మరొక్కసారి” అని వేడుకొన్నప్పుడు ముల్లు మార్చి, కీ ఇచ్చి, మళ్ళీ వినిపించడానికి లాభదృష్టి ఒక్కటే చాలదు.

ఆ మెట్ల మీద విన్నదేమిటి? శంకరంబాడి సుందరాచారి రచించిన ‘మా తెలుగు తల్లికి’ గీతం టంగుటూరి సూర్యకుమారి గళంలో రికార్డుకెక్కి ఊరూరా వ్యాపించింది. అనంతర కాలంలో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రగీతమైంది. గుంటూరులో తెలుగు అధ్యాపకులుగా పనిచేసిన జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి ‘పుష్పవిలాపం’ ఘంటసాల వేంకటేశ్వరరావు కంఠాన పలికింది. కోయవచ్చిన వానితో పూలు తమ గోడు వెళ్ళబోసుకొనే ఆ పద్యాలు, పుస్తకం కొనలేని వానికీ, అక్షరం రాని వానికీ కంఠస్థమయ్యాయి.

రంగస్థలం మీద నటుడు ఒక్క పద్యాన్ని రాగంతో ఎంతసేపైనా సాగదీయగలడు. ప్రేక్షకులు “వన్స్ మోర్” అంటే మళ్ళీ అందుకోగలడు. రికార్డుకు ఆ వెసులుబాటు లేదు. మూడు నిమిషాలలో రాగమూ రావాలి, మాటా తెలియాలి. గాయకుడు సమాసాన్ని ఎక్కడ విరిచాడు, ఏ పదాన్ని ఒత్తి పలికాడు అని మెట్ల మీది మిత్రులు వాదించుకొనేవారు. వాదం తెగకపోతే తీర్పు చెప్పేది మళ్ళీ ఆ రికార్డే.

గ్రామఫోను ఒక్కటే గనుక ఒకరు కోరిన కీర్తన ముగిసేదాకా మరొకరు తమ సినిమా పాటకై వేచి ఉండాలి. అట్లా వేచి ఉన్నవాడు తాను కోరని సంగీతాన్నీ విని, క్రమంగా దానికీ రసికుడయ్యేవాడు. కచేరీకి టిక్కెట్టు కొనలేని రిక్షా కార్మికుడు వీధిలో నిలిచి ఆ గోష్ఠిలో భాగస్వామి అయ్యేవాడు. కాని ఆ మెట్లు అందరివీ అనడం సత్యం కాదు. ఆడపిల్లలు అక్కడ నిలవడం ఆనాటి సంఘానికి సమ్మతం కాదు. పాట వీధి దాటి తమ కిటికీకి చేరితేనే వారికి వినికిడి.

తరువాత ట్రాన్సిస్టరు ఇంటింటా చేరింది. క్యాసెట్టు వచ్చి రికార్డు స్థానాన్ని ఆక్రమించింది. పిమ్మట క్యాసెట్టూ పోయింది. నేడు అరచేతిలోని ఫోనులో వేల పాటలు. ఎన్నిసార్లు విన్నా అరగవు. అయితే చెవిలో పెట్టుకొని వినే పాట పక్కవానికి చేరదు, దానిపై వాదమూ పుట్టదు.

ఉపాధ్యాయులు తలచుకొంటే ఈ లోటు కొంత తీరుతుంది. వారానికొక పద్యం తరగతిలో అందరికీ వినిపించి, మాట్లాడనిచ్చి, వాదించనిచ్చి, మళ్ళీ వినిపించవచ్చు. ఈసారి ఆడపిల్లలకూ ముందు వరుసలో చోటుంటుంది. “మరొక్కసారి” అని ఏ వెనుక బల్ల నుండి వినిపించినా, ఆ పూట పాఠం కొంత వెనుకబడినా, ఆనాటి వర్తకుని ఓర్పును గుర్తు చేసుకొని మళ్ళీ వినిపించడం మంచిది.